తుపాను రోజుల్లో సముద్రపుటొడ్డున నడక

ప్రశ్న: మాది బరంపురం. మా మామగారికి డెబ్బై ఏళ్లు దాటాయి. వీలైనప్పుడల్లా గోపాల్‌పూర్ వెళ్లి సముద్రం పక్కనున్న నడకదారిలో కాసేపు నడిచి రావడం ఆయనకు ఎన్నాళ్లనుంచో అలవాటు. మొన్న డిసెంబరులో తుపాను దక్షిణ కోస్తా దిక్కున ఉందని రేడియోలో చెబుతున్నా, ఇక్కడ ముసురే తప్ప గాలి లేదు కదా అని ఆయన బయలుదేరారు. గోడ దాటి వచ్చిన ఒక కెరటం ఆయనను పడదోసింది. దెబ్బ చిన్నదే. గాలి లేనిచోట అంత కెరటం ఎలా వచ్చింది? ఓడరేవులో ఒకటో నంబరు హెచ్చరికే కదా ఉన్నది అని ఆయన వాదిస్తున్నారు. నడక మాన్పించడం మాకూ ఇష్టం లేదు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: మీ మామగారిని పడదోసిన కెరటం బహుశా గోపాల్‌పూర్ దగ్గర పుట్టినది కాదు. మన అర్ధగోళంలో తుపాను గాలి గడియారపు ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది కనుక, తుపానుకు తూర్పు పక్కన అది దక్షిణం నుంచి ఉత్తరానికి, అంటే గోపాల్‌పూర్ ఉన్న గంజాం తీరం వైపు, వీస్తుంది. ఆ గాలి రేపిన అలలు గాలి హద్దు దాటిన తరువాత కూడా ఆగవు. ఒకదానికీ మరొకదానికీ మధ్య 12 సెకన్ల వ్యవధి ఉన్న అలల గుంపు లోతైన నీటిలో గంటకు సుమారు 34 కిలోమీటర్ల వేగంతో సాగుతుంది. ఆ లెక్కన ఒక పగలూ ఒక రాత్రీ గడిచేసరికి 800 కిలోమీటర్లు వస్తుంది. నెల్లూరుకు ఎదురుగా నడిసముద్రంలో తుపాను తిరుగుతున్నప్పుడు, ఇక్కడ ఆకు కదలకపోయినా, మరునాటికి దాని అలలు మన గోడను తాకవచ్చు.

శీతాకాలపు తుపానులో ప్రత్యేకంగా మోసపోయే అవకాశం ఇక్కడే ఉంది. డిసెంబరు నాటికి బంగాళాఖాతం ఉత్తర భాగంలో నీరు చల్లబడుతుంది, నేల మీదినుంచి పొడిగాలి వచ్చి చేరుతుంది, పై ఎత్తుల్లో వీచే గాలులు మేఘాలను చెదరగొడతాయి. అందువల్ల తుపాను మన తీరం దాకా వచ్చినా చాలాసార్లు నీరసించే వస్తుంది. 2021 డిసెంబరులో జవాద్ తుపాను పూరీ దగ్గరికి చేరేసరికి వాయుగుండంగా బలహీనపడింది. 2013 అక్టోబరు 12 రాత్రి గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటిన ఫైలిన్‌ను, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీని చూసినవారికి డిసెంబరు ముసురు ఒక లెక్కలోకి రాదు. ఆ అనుభవమే పెద్దవారిని ఒడ్డుకు తీసుకువెళుతున్నదని నా అభిప్రాయం. ఆ రెండు తుపానుల నాడు ఒడ్డున నడవవద్దని ఎవరూ ఎవరికీ చెప్పవలసిన అవసరం రాలేదు.

ఓడరేవు హెచ్చరిక సంగతి ఆయనకు నెమ్మదిగా చెప్పండి. ఆ సంఖ్యలు ఓడల కోసం ఏర్పరచినవి. ఒకటి, రెండు నంబర్లు దూరాన సముద్రంలో ఉన్న వాతావరణాన్ని గురించి చెబుతాయి. మూడు నుంచి స్థానికంగా రేవుకు ఉన్న ముప్పును సూచిస్తాయి. నడకదారి గోడ మీదికి ఎంత నీరు వస్తుందో వాటిలో ఏ నంబరూ చెప్పదు. దానికి చూడవలసినది హైదరాబాదులోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ విడుదల చేసే ఎత్తైన అలల హెచ్చరిక. అందులో అలల ఎత్తు 3 మీటర్లు అని ఉంటే, అన్ని అలలూ అంతే ఎత్తు అని అర్థం చేసుకోకూడదు. మొత్తం అలల్లో అన్నిటికంటె ఎత్తైన మూడోవంతు అలలకు కట్టిన సగటు అది. వాటి మధ్య దాదాపు రెట్టింపు ఎత్తున్న కెరటం కూడా ఎప్పుడో ఒకటి రావచ్చు. 12 సెకన్లకొకటి చొప్పున గంటకు 300 కెరటాలు వస్తాయి. పావుగంట నిలబడి చూసి, గోడ తడవలేదు కనుక క్షేమమేనని నిర్ణయించుకోవడం ఎందుకు పనికిరాదో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది. పౌర్ణమి, అమావాస్యల దగ్గర పోటు వేళ అయితే నీరు మరింత పైనుంచి మొదలవుతుంది.

గోడ దాటిన నీరు పైకి లేచి పడేటప్పటికంటె తిరిగి వెళ్లేటప్పుడు ఎక్కువ ప్రమాదకరం. ఘనమీటరు సముద్రపు నీరు వెయ్యి కిలోలకు పైగా బరువు తూగుతుంది. మోకాలి లోతులో వేగంగా వెనక్కు లాగే నీటిలో ఆరోగ్యవంతుడైన యువకుడు కూడా నిలదొక్కుకోలేడు. మీ మామగారు సముద్రం వైపు కాక దారి మీదనే పడటం అదృష్టమని నేను మనస్ఫూర్తిగా అనుకుంటున్నాను.

తుపాను ఎక్కడ తీరం దాటబోతున్నదో కూడా వినండి. గోపాల్‌పూర్‌కు దక్షిణంగా దాటితే మనకు సముద్రం మీదినుంచి గాలి వచ్చి నీటిని ఒడ్డుకు నెడుతుంది. పూరీ వైపు దాటితే మన గాలి నేల మీదినుంచి సముద్రానికి వీస్తుంది. ఉప్పెన భయం మొదటి సందర్భంలోనే ఎక్కువ. రెండో సందర్భంలో దూరపు అలలు మాత్రం తప్పవు.

ఇక ఆయన నడక. హెచ్చరిక ఉన్న రోజున ఊరివైపు వీధుల్లో నడవమనండి. హోరెత్తే సముద్రాన్ని చూడాలన్న కోరిక తప్పు కాదు, చూడవలసినదే. ఒడ్డుకు దూరంగా ఉన్న గట్టి భవనం మేడమీదినుంచి చూడవచ్చు. కొబ్బరిచెట్ల కింద, హోర్డింగుల పక్కన నిలబడవద్దని చెప్పండి. ఈదురుగాలి వస్తే గొడుగు మూసివేయాలి, ఎందుకంటే గాలి వేగం రెట్టింపయితే దాని ఒత్తిడి నాలుగింతలవుతుంది. గోపాల్‌పూర్‌లో తెలుగు మాట్లాడే మత్స్యకారులు పడవలను మామూలు చోటుకంటె బాగా పైకి లాగి పెట్టుకున్నారంటే, ఆకాశం ఎలా ఉన్నా ఆ రోజు వెనక్కు తిరిగి రావడమే మంచిది. ఏ హెచ్చరికా అందని రోజున నేనయితే వారి మాటనే నమ్ముతాను.

తుపాను పోయిందని వినగానే బయలుదేరనివ్వకండి. అలల హెచ్చరిక ఎత్తివేసేదాకా ఆగాలి. ఆ తరువాత కూడా గోడ అడుగున ఇసుక కోసుకుపోయి నడకదారి కింద డొల్ల ఏర్పడి ఉండవచ్చు కనుక, పగుళ్లు, కుంగిన పలకలు కనిపిస్తే బాగుచేసేవరకు ఆయనను అంచుకు దూరంగా, రోడ్డు వైపే నడవమనండి.