ఒక్క విందుకే కిలో ఏడొందలా?

ప్రశ్న: మాది రాజాం. వయసు 34. మూడు వారాలుగా అన్నం సగానికి తగ్గించి, రాత్రి చోడి రొట్టెతో సరిపెడుతున్నాను. ఆదివారం పొద్దున 72.4 కిలోలున్నాను. ఆ రాత్రి చీపురుపల్లిలో పెళ్లి భోజనం చేశాను. సోమవారం చూస్తే 74.1! భయపడి రెండు రోజులు అన్నం ముట్టలేదు. గురువారానికి 72.5కి వచ్చింది. అంటే అన్నం పూర్తిగా మానేయాలా?

జవాబు: మానక్కర్లేదమ్మా. సోమవారం పెరిగిందీ, గురువారానికి తగ్గిందీ చాలావరకు నీళ్లే.

కిలో కొవ్వు చేరాలంటే ఖర్చుకు మించి సుమారు 7,700 కేలరీలు తినాలి. 1.7 కిలోలకు 13 వేల పైమాటే. బూరెలు, పులిహోర మారు వడ్డించుకున్నా ఒక పూటలో అందులో ఐదో వంతు తినడమే కష్టం.

మరి ఆ బరువెక్కడిది? తిన్న పిండిపదార్థంలో కొంత గ్లైకోజెన్‌గా కాలేయంలో, కండరాల్లో నిల్వ ఉంటుంది. గ్రాము గ్లైకోజెన్ మూడు గ్రాముల దాకా నీటిని పట్టి ఉంచుతుంది. డైటింగ్‌లో ఈ నిల్వలు కొంత ఖాళీ అవుతాయి. విందుతో 200 గ్రాములు నిండాయనుకోండి, నీటితో కలిపి 800 గ్రాములు. ఆపైన ఉప్పు. సాంబారు, ఆవకాయ, అప్పడం అన్నీ ఒకే విస్తట్లో పడితే ఇంటి వంటలో కంటే ఉప్పు ఎక్కువే వెళ్తుంది. ఒంట్లో 9 గ్రాముల ఉప్పు అదనంగా నిలిస్తే లీటరు దాకా నీరు నిలుస్తుంది. కిడ్నీలు దాన్ని పంపేయడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. రాత్రి పొద్దుపోయి తిన్నది తెల్లారేసరికి ఇంకా పేగుల్లోనే ఉంటుంది, అదీ బరువే. మీరు ఆ రెండు రోజులూ మామూలుగా తినేసినా ముల్లు కిందికి దిగేదే. అన్నం మానడంతో గ్లైకోజెన్ మళ్లీ ఖాళీ అయి కాస్త తొందరగా దిగింది, అంతే.

నెలసరికి ముందు కూడా కిలో, ఒక్కోసారి రెండు కిలోలు నీరు చేరుతుంది. ఆ వారం బరువును పోయిన నెల అదే వారంతో పోల్చుకోండి, నిన్నటితో కాదు. కొత్తగా గుంజీలు, బరువులు మొదలెట్టినా కండరాలు నొప్పులున్నన్నాళ్లూ నీరు పడతాయి.

తూకం పొద్దున్నే, దొడ్డికెళ్లి వచ్చాక, టీ తాగకముందు, ఒకేరకం పలచని బట్టల్లో చూడండి. మిషన్ను గచ్చు మీద గానీ టైల్స్ మీద గానీ ఒకే చోట పెట్టండి. చాప మీద పెడితే మిషన్ కాళ్లు నేలకు సమంగా ఆనవు, లెక్క తప్పుతుంది. ఏడు రోజుల అంకెలు కూడి ఏడుతో భాగించి, ఆ సగటును పోయిన వారం సగటుతో పోల్చండి. వారానికి 300 నుంచి 500 గ్రాములు తగ్గుతుంటే మీ తిండి సరిగ్గానే ఉంది. మూడు నాలుగు వారాలు సగటు కదలకపోతే అప్పుడు తిండి కొలతలు తగ్గించాలి. ముందుగా వంటనూనె చూడండి, అన్నం తర్వాత.

ప్రశ్న: మాది సోంపేట దగ్గర. వయసు 47. బరువు తగ్గడానికి ప్రోటీన్ పొడి వాడుతున్నాను. ఐదు రోజుల్లో మూడు కిలోలు పెరిగాను. సాయంత్రానికి కాళ్లు బరువెక్కుతున్నాయి. ఇదీ నీరేనా?

జవాబు: నీరే కావచ్చు, కానీ దానంతట అది పోతుందని ఊరుకోవద్దు. మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో పది సెకన్లు నొక్కండి. గుంట పడి నిలిచిందంటే వాపే. మీ ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎంతగా ఉందో మీకు చెప్పనక్కర్లేదు, మొదట్లో అది నొప్పీ గిప్పీ లేకుండానే వస్తుంది. సీరం క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష), మూత్రంలో ప్రోటీన్, బీపీ ఈ వారంలోనే చూపించుకోండి. పలాసలో కిడ్నీ ఆసుపత్రి దగ్గరే ఉంది. రిపోర్టు వచ్చేదాకా ప్రోటీన్ పొడి ఆపండి. కాళ్ల నొప్పులని మందుల షాపులో నొప్పి మాత్రలు కొని వేసుకోకండి. వాపు తగ్గుతుందని బిందెలకొద్దీ నీళ్లూ తాగొద్దు. పడుకుంటే ఆయాసం వస్తున్నా, మూత్రం బాగా తగ్గినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.