గ్లవ్స్ చేత్తో ఫోను ముట్టుకోకు

ప్రశ్న: అక్కా, అమీర్‌పేటలో నాలుగేళ్లుగా టాటూలు వేస్తున్నాను. మొదట్లో నా దగ్గర వేయించుకున్నవాళ్లే ఇంకొకరిని వెంటబెట్టుకుని వచ్చేవారు. ఇప్పుడు ముందు నా ఇన్‌స్టాగ్రామ్ పేజీ చూసి, ఫాలోవర్లు రెండు వేల మంది కూడా లేరని ఆగిపోతున్నారు. ఒక్క రీల్ తీసి, కత్తిరించి, పాట పెట్టేసరికి పూట గడిచిపోతోంది. మొన్న ఒక రీల్‌ను లక్షమంది చూశారు, ఒక్క బుకింగ్ రాలేదు. వీడియోలు మానేయాలా, పనే మానేయాలా?

జవాబు: తమ్ముడూ, ఆ లక్షమందిలో అమీర్‌పేట మెట్రో దిగి నీ మెట్లెక్కగలిగేవాళ్లు ఎందరు? గువాహటిలో చూసినవాడు లైకు కొడతాడు, నీ ముందు చెయ్యి చాపి కూర్చోడు కదా. పేజీలో మొట్టమొదట మన ఊరి పేరు, పేట పేరు రాయి.

నేను హిమాయత్‌నగర్‌లో టాటూలు వేయడం మొదలుపెట్టినప్పుడు బల్ల మీద ఆల్బమ్ ఉండేది. తర్వాత ఇన్‌స్టాగ్రామ్‌లో చేరాను. 2016 దాకా పెట్టిన ఫోటో పెట్టిన వరుసలోనే కనిపించేది. ఆ తర్వాత ఏది ముందు చూపాలన్నది వాళ్ల లెక్క. 2020లో టిక్‌టాక్‌ను నిషేధించిన కొద్ది రోజులకే ఇక్కడ రీల్స్ వచ్చాయి, ఫోటో చిన్నబోయింది.

అసలు తంటా అక్కడే ఉంది. అప్పుడే వేసిన టాటూ నిగనిగలాడుతుంది, గీత నల్లగా, పదునుగా ఉంటుంది. పై పొట్టు రాలడానికి రెండు మూడు వారాలు, రంగు కుదురుకోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. రీల్‌లో ఆ సంగతి ఉండదు. ఒకమ్మాయి వేలి పక్కన బియ్యపుగింజంత అక్షరాలతో ఒక వాక్యం కావాలని రీల్ చూపించింది. అక్కడి చర్మం త్వరగా అరుగుతుంది, అక్షరాలు అలుక్కుపోతాయని చెప్పి పంపేశాను. వారం తిరక్కుండా అదే వేలు వేరొకరి పేజీలో కనిపించింది, వేల లైకులతో. కుళ్లుకోలేదని అబద్ధం చెప్పను.

అందుకని నీ పాత కస్టమర్లకు ఫోన్ చెయ్యి. మూడు నెలలు, ఏడాది దాటినవాళ్లను పిలిచి, టీ ఇచ్చి, కిటికీ వెలుతురులో ఫోటో తీసుకో. వేసిన తేదీ, ఫోటో తీసిన తేదీ రెండూ కింద రాయి. నా దగ్గరికి వచ్చేవాళ్లు ఎక్కువగా అడిగేది ఆ ఫోటోల గురించే. వీడియోలకు వారంలో ఒక్క పూట చాలు.

ఇంకొక మాట, అడగకపోయినా చెబుతాను. గీత మధ్యలో ఆపి, గ్లవ్స్ చేత్తోనే ఫోను సర్ది, అదే చేత్తో మళ్లీ చర్మం సాగదీసిన కుర్రాణ్ని కళ్లారా చూశాను. నెత్తిన మొట్టబుద్ధయింది. సూది దిగిన చోటు పచ్చిపుండు. ఫోను మీది మురికి అందులోకి పోతుంది. అంతకన్నా ఘోరం, గ్లవ్స్‌కు అంటిన రక్తం ఫోనుకు పట్టి, రాత్రి నీ దిండు మీదికి చేరుతుంది. హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట కూడా వారం రోజులు బతుకుతుంది. ఫోనును స్టాండుకు బిగించి వదిలేయి. ముట్టుకున్నావా, గ్లవ్స్ మార్చు.

ప్రశ్న: నా వీపు మీద టాటూ వేసినతను అడగకుండా దాని ఫోటోను తన పేజీలో పెట్టాడు. బంధువులు చూశారు. తీసేయమంటే ‘అది నా పని’ అంటున్నాడు.

జవాబు: అమ్మా, గీత అతనిదే, వీపు మాత్రం మీదే కదా. ఫోటో తీసేయమని మెసేజ్ పంపి, దాన్ని దాచుకోండి. వినకపోతే ఆ పోస్టు మీద ఇన్‌స్టాగ్రామ్‌కే ఫిర్యాదు చేయండి. నేను అడ్వాన్సు రసీదు మీదే ‘ఫోటో పెట్టవచ్చా?’ అని అడుగుతాను. వద్దనేవాళ్లు తక్కువేమీ కాదు. నేను వేసిన అన్నిటికన్నా మంచి నెమలి అలాంటి ఒకావిడ భుజం మీదే ఉంది.