నిల్వ ఉంచిన పిండాలపై నిర్ణయం ఎవరిది?

ప్రశ్న: మూడేళ్ల కిందట ఐవీఎఫ్ ద్వారా మాకు పాప పుట్టింది. మిగిలిన పిండాలను సంతాన సాఫల్య కేంద్రంలో ఫ్రీజ్ చేసి ఉంచారు. మాకు ఇక పిల్లలు వద్దు. పిల్లలు లేని మా చెల్లెలికి వాటిని ఇద్దామని నా ఆశ, మావారికి అది ఇష్టం లేదు. పిండాలను తీసేయిస్తే హత్యేనని అమెరికాలో తీర్పు వచ్చిందని మా ఆడపడుచు అంటున్నారు. మన చట్టం ఏమంటోంది?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీ ఆడపడుచుగారు చెబుతున్నది అలబామా రాష్ట్ర సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరిలో ఇచ్చిన తీర్పు గురించి కావచ్చు. 2020లో మొబైల్ నగరంలోని ఒక ఆసుపత్రిలో, పిండాలు నిల్వచేసే చోటికి ఒక రోగి ప్రవేశించి వాటిని చేత్తో తీయగా, తీవ్రమైన శీతలానికి చెయ్యి కమిలి జారవిడిచారు. వాటి తాలూకు దంపతులు పరిహారం కోరినప్పుడు, మైనర్ల మరణానికి సంబంధించిన 1872 నాటి చట్టం గర్భాశయం వెలుపలి పిండాలకూ వర్తిస్తుందని కోర్టు చెప్పింది. అది నష్టపరిహారపు దావాయే తప్ప హత్యకేసు కాదు. అయినా భయంతో అక్కడి కొన్ని కేంద్రాలు ఐవీఎఫ్ నిలిపివేశాయి. మార్చిలో శాసనసభ చికిత్స చేసేవారికి రక్షణ కల్పించింది గానీ, పిండం బిడ్డ అవునా కాదా అన్నది తేల్చలేదు.

ఆ తీర్పు మనకు వర్తించదు. మన దేశంలో 2021 నాటి సహాయక పునరుత్పత్తి నియంత్రణ చట్టం ఫలదీకరణ తరువాత 56 రోజుల వరకు పిండమే అని నిర్వచించింది, దాన్ని వ్యక్తిగా ఎక్కడా పేర్కొనలేదు. అలాగని అమ్ముకోదగిన ఆస్తిగానూ చూడలేదు, పిండాల అమ్మకం నేరం. నిల్వ గడువు పదేళ్లు. ఆ తరువాత వాటిని నశించనివ్వాలి, లేదా దంపతుల సమ్మతితో నమోదైన పరిశోధన సంస్థకు ఇవ్వాలి. కాబట్టి నియమం ప్రకారం నశించనివ్వడం హత్య కాదు, గర్భస్రావమూ కాదు. తండ్రి మరణించేనాటికి కడుపులో ఉండి, సజీవంగా పుట్టిన బిడ్డకు హిందూ వారసత్వ చట్టం వాటా ఇస్తుంది, అయితే అక్కడ చెప్పింది తల్లి గర్భంలోని బిడ్డ గురించే, ఫ్రీజ్ చేసిన పిండాల గురించి కాదు.

ఇక మీ చెల్లెలి విషయం. మీకు బాధ కలిగించే మాటే అయినా చెప్పక తప్పదు: వాడని పిండాలను అదే స్త్రీ కోసం భద్రపరచాలి తప్ప మరో దంపతులకు గానీ మరో స్త్రీకి గానీ వాడరాదని చట్టం స్పష్టంగా చెబుతోంది. అంటే మీవారు ఒప్పుకున్నా అది కుదరదు. పిండాల వ్యాపారాన్ని అడ్డుకోవడానికి కట్టుదిట్టం అవసరమే, కానీ డబ్బు ప్రసక్తి లేకుండా అక్క చెల్లెలికి ఇచ్చే సందర్భాన్ని పార్లమెంటు మళ్లీ ఆలోచించాలని నా గట్టి అభిప్రాయం.

మీవారి అయిష్టానికీ చట్టంలో విలువ ఉంది. పిండాన్ని గర్భాశయంలోకి పంపే క్షణం వరకు ఇద్దరిలో ఎవరైనా సమ్మతిని వెనక్కి తీసుకోవచ్చు. ఫ్రీజ్ చేసే ముందు, ఒకరు మరణిస్తే లేదా నిర్ణయం తీసుకోలేని స్థితికి వస్తే పిండాలను ఏం చేయాలో ఇద్దరి చేతా రాయించుకోవాలని కూడా చట్టం అంటోంది. విడాకుల మాట మాత్రం ఆ నిబంధనలో లేదు. రేపు కోర్టులకు చిక్కులు తెచ్చేది ఈ వెలితేనని నా భయం. మీరిద్దరూ కలిసి కేంద్రానికి వెళ్లి, సంతకాలు చేసిన సమ్మతి పత్రం ప్రతిని అడిగి తీసుకోండి. ఫ్రీజ్ చేసిన తేదీని అందులో సరిచూసుకుని, మీ నిర్ణయాన్ని ఇద్దరి సంతకాలతో రాసిచ్చి, అందినట్టు రసీదు పొందండి.