పాత స్వీడిష్ బండ్లు: పాఠకుల సందేహాలు, మా జవాబులు

ప్ర: 1989 వోల్వో 240 వ్యాగన్ ఒకటి చూశాను. మీటరు 1,64,000 కిలోమీటర్లు చూపిస్తోంది. బేరానికి దిగేముందు ఏమేం చూడాలి?

జ: ముందు ఆ అంకెను మర్చిపోండి. 240 మీటరులో కిలోమీటర్ల అంకెలు తిప్పే చిన్న ప్లాస్టిక్ పళ్ళచక్రం ఉంటుంది. పాతబడితే దాని పళ్ళు రాలిపోతాయి. స్పీడు ముల్లు మామూలుగానే ఆడుతుంది, అంకెలు మాత్రం ఉన్నచోటే ఉండిపోతాయి. అలా ఏళ్ళ తరబడి తిరిగిన బండ్లు బోలెడు. టెస్ట్ డ్రైవ్‌లో ఐదారు కిలోమీటర్లు నడిపి అంకె మారుతోందో లేదో చూడండి. మారిందని సంబరపడొద్దు, మీటరు నిన్ననే బాగుచేయించి ఉండొచ్చు. సర్వీసు బిల్లులు చూస్తే అసలు లెక్క తెలుస్తుంది. ఈ ఇంజనుకు మూడు లక్షల కిలోమీటర్లు పెద్ద విషయం కాదు. 240ని తినేసేది తుప్పే.

కార్పెట్ ఎత్తి ముందు సీట్ల దగ్గర ఫ్లోర్ చూడండి. తర్వాత జాకీ పెట్టే చోట్లు, ముందు అద్దం కింది అంచు, తలుపుల అడుగుభాగం. వ్యాగన్‌లో వెనక ఫ్లోర్ మూతలు తీసి పక్క గుంటల్లో చెయ్యి పెట్టండి. టెయిల్ లైటు రబ్బరు గట్టిపడితే వాననీళ్ళు వచ్చి అక్కడే నిలుస్తాయి. అనుమానం వచ్చిన చోట స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. ఖంగుమంటే రేకు, బొత్తుమంటే పుట్టీ.

ఇప్పుడు ఇంజన్. అది నడుస్తుండగానే ఆయిల్ పోసే మూత వదులుచేసి, తియ్యకుండా అక్కడే ఉంచండి. కదలకుండా కూర్చుంటే మంచిదే. గంతులేస్తూ కింద నుంచి పొగ పుస్సుపుస్సుమంటే క్రాంక్‌కేస్‌కు, అంటే ఇంజన్ అడుగు గదికి, ఊపిరాడటం లేదన్నమాట. ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ కింద, లోపలి పొగను లాగేసే బ్రీదర్ గొట్టంలో ఫ్లేమ్ ట్రాప్ అనే చిల్లుల ప్లాస్టిక్ బిళ్ళ ఉంటుంది. అది జిడ్డుతో పూడుకుపోతే లోపలి ఒత్తిడి ఆయిల్ సీళ్ళను తోసుకుని బయటికొస్తుంది. బిళ్ళ ధర నామమాత్రం. క్రాంక్ వెనక సీలు పోతే మాత్రం గేర్‌బాక్స్ దించాల్సిందే. బిళ్ళ మార్చేటప్పుడు గొట్టాలు, బ్లాకుకు బిగించిన ఆయిల్ సెపరేటర్ డబ్బా కూడా మార్చండి. డబ్బా పూడుకుని ఉంటే బిళ్ళ ఒక్కటే మార్చి లాభం లేదు.

ఈ బండిలో ఉండే బి230 ఇంజనులో వాల్వుల్ని సమయానికి ఆడించే టైమింగ్ బెల్ట్ తెగినా వాల్వులు పిస్టన్లకు తగలవు. బండి ఆగిపోతుంది, అంతే. అయినా 80,000 కిలోమీటర్లకోసారి మార్చండి. 1980 నుంచి 1987 దాకా వచ్చిన వాటిలో ఇంజన్ వైర్ల పైపూత వేళ్ళతో నలిపితే పొడైపోతుంది. మీరు చూసిన 1989ది ఆ గండం దాటింది. వెనక డోరు ఎత్తి దించుతూ వైపర్, అద్దం హీటర్ పనిచేస్తున్నాయేమో చూడండి. కీళ్ళ దగ్గర వైర్లు లోలోపల తెగిపోవడం వ్యాగన్లకు మామూలే. హీటర్ ఫ్యాన్‌ను మాత్రం అన్ని స్పీడుల్లోనూ తిప్పి చూడండి. దాని మోటార్ మార్చాలంటే డాష్‌బోర్డ్ లోపలంతా విప్పాలి. అది కీచుమంటుంటే ఆ కూలీ బేరంలో తగ్గించమని అడగండి.

ప్ర: మా 240 (1990) వేడెక్కాక ఒక్కోసారి ఆగిపోతోంది. చల్లారాక మళ్ళీ స్టార్టవుతోంది. మెకానిక్ ఫ్యూయల్ పంపు మార్చమంటున్నాడు.

జ: పంపు జోలికి ఇప్పుడే వెళ్ళొద్దు. ముందు డాష్‌బోర్డ్ కింద ఉన్న ఫ్యూయల్ పంపు రిలే (పంపుకు కరెంటు ఇచ్చే స్విచ్చు) విప్పి, లోపలి టంకం అతుకుల్ని భూతద్దంతో చూడండి. పిన్ను చుట్టూ సన్నని నల్ల గీత కనిపిస్తే అక్కడ పగిలిందన్నమాట. మళ్ళీ టంకం పెడితే చాలు, కొత్త రిలే అయితే ఇంకా నయం. రిలే బాగుంటే, ఈసారి బండి ఆగినప్పుడు స్టార్టర్ తిప్పుతూ ఆర్‌పీఎం ముల్లు చూడండి. అది అసలు కదలకపోతే ఇంజన్ వెనక ఉండే క్రాంక్ సెన్సర్‌ను అనుమానించాలి. 1989 నుంచి వచ్చిన వాటిలో దాని వైరు పైపూత వేడికి పగిలిపోతుంది. ఈ రెండూ బాగున్నాకే పంపు మాట. అప్పుడు కూడా బండి కింది పెద్ద పంపు గట్టిగా గోల పెడుతుంటే ముందు ట్యాంకులోని చిన్న పంపు చూడండి. అది పోతే పెద్దదానిమీద భారమంతా పడుతుంది.

ప్ర: 1999 వోల్వో వీ70 కొన్నాను. "టైమింగ్ బెల్ట్ మార్చాం" అన్నారు, బిల్లు లేదు. నమ్మొచ్చా?

జ: నమ్మొద్దు. ఈ అయిదు సిలిండర్ల ఇంజన్ 240ది లాంటిది కాదు. బెల్ట్ తెగితే వాల్వులు వంగిపోతాయి. బిల్లు లేదంటే బెల్ట్ మార్చలేదనే లెక్క. బెల్ట్‌తో పాటు టెన్షనర్, ఐడ్లర్, వాటర్ పంపు ఒకేసారి మార్పించండి. వాటర్ పంపును తిప్పేది కూడా ఆ బెల్టే కాబట్టి పంపు పట్టేస్తే కొత్త బెల్ట్ కూడా పోతుంది. ఎన్ని కిలోమీటర్లు తిరిగినా, తిరగకపోయినా పదేళ్ళు దాటిన బెల్ట్‌ను ఉంచకూడదు.

అదే రోజు ఇంకో పరీక్ష చెయ్యండి. ఇంజన్ వేడెక్కాక ఆయిల్ మూత తీసి, ఆ నోటికి రబ్బరు గ్లౌజు తొడిగి ఐడిల్‌లో వదలండి. గ్లౌజు కాస్త లోపలికి పీల్చుకుపోతే బాగున్నట్టు. ఉబ్బి అయిదు వేళ్ళూ నిలబెట్టి మీకు దండం పెడితే బ్రీదర్ పూడుకుపోయింది. ఇక్కడ బాగుచేయడం 240లో అంత సులువు కాదు. ఆయిల్ సెపరేటర్ డబ్బా ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ వెనక దాక్కుంటుంది, మ్యానిఫోల్డ్ విప్పాల్సిందే.

మీ బండి ఏడాదికి తగ్గ తెగులు ఇంకొకటుంది: ఇంజనుకు వెళ్ళే గాలిని అదుపుచేసే ఎలక్ట్రానిక్ థ్రాటిల్. లోపలి సెన్సర్ పట్టీ అరిగిపోయి ఐడిల్ పైకీ కిందికీ ఊగుతుంది, ఒక్కోసారి ఎంత తొక్కినా బండి కదలదు. పాత బండి నుంచి తీసిన థ్రాటిల్ తెచ్చి బిగిస్తే సరిపోదు, దానికి ప్రోగ్రామింగ్ కావాలి. అరగని కొత్తరకం సెన్సర్ వేయించడమే మేలు. ఏబీఎస్, ట్రాక్షన్ లైట్లు రెండూ కలిసి వెలుగుతుంటే ఏబీఎస్ మాడ్యూల్‌లో టంకం పగిలి ఉండొచ్చు. చక్రాల సెన్సర్లు చూశాక కొత్త మాడ్యూల్ కొనకుండా పాతదాన్నే బాగుచేయించండి.

ప్ర: వీ70 ఆల్ వీల్ డ్రైవ్‌లో రెండు టైర్లే అరిగాయి. రెండే మార్చుకోవచ్చా?

జ: వద్దు, నాలుగూ మార్చండి. ముందూ వెనకా చక్రాల చుట్టుకొలత తేడా వస్తే ముందు, వెనక చక్రాల్ని కలిపే మధ్యలోని విస్కస్ కప్లింగ్ ఎప్పుడూ కొట్టుకుంటూనే ఉంటుంది. టైర్ల దగ్గర మిగిల్చింది గేర్ల దగ్గర పోతుంది. కొనేవాళ్ళకు ఇంకో మాట: బండి కింద పడుకుని ప్రొపెల్లర్ షాఫ్ట్ ఉందో లేదో చూడండి. పాడయ్యాక అది పీకేసి, పేరు బిళ్ళ మాత్రం ఉంచి అమ్మే ఘనులున్నారు.

ప్ర: సాబ్ 9-5 వ్యాగన్, 2001 మోడల్, చవకగా వస్తోంది. కంపెనీ మూతపడింది కదా, ధైర్యం చెయ్యొచ్చా?

జ: సాబ్ 2011 డిసెంబరులో దివాలా తీసింది నిజమే. ఇంజన్, బ్రేకు, సస్పెన్షన్ సామాన్లు ఇప్పటికీ తయారవుతున్నాయి. విడిభాగాల విభాగం ఓరియో పేరుతో కొనసాగింది. అద్దాలకు, లోపలి ప్లాస్టిక్‌కు మాత్రం పాత బండ్ల మీదే ఆధారపడాలి. మీరు అసలు భయపడాల్సింది ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్‌కు. 2003 దాకా వచ్చిన నాలుగు సిలిండర్ల 9-5లో బ్రీదర్ ఏర్పాటు బాగాలేదు. పైగా పొగను శుద్ధిచేసే కెటాలిటిక్ కన్వర్టర్ చాంబర్‌ను ఆనుకుని కాలుతుంటుంది. ఆయిల్ తారులా గడ్డకట్టి, పీల్చే జాలీకి అంటుకుంటుంది. ఆయిల్ లైటు మినుకుమన్నదాకా ఆగితే బేరింగులు, టర్బో రెండూ పోయినట్టే.

కొనేముందు చాంబర్ దించి జాలీ చూడనివ్వమని అడగండి. ఒప్పుకోకపోతే ఆ పనికయ్యే ఖర్చు ధరలో తగ్గించండి. కొన్నాక కొత్తరకం బ్రీదర్ కిట్ వేయించి, పూర్తి సింథటిక్ 0డబ్ల్యు-40 లేదా 5డబ్ల్యు-40 ఆయిల్‌ను 8,000 కిలోమీటర్లకోసారి మార్చండి. టైమింగ్ చైన్‌తో నడుస్తుంది కాబట్టి బెల్ట్ బాధ లేదు. రాత్రంతా నిలిపిన బండిని మీ ఎదుటే స్టార్ట్ చేయించి చైన్ చప్పుడు వినండి. రెండు మూడు సెకన్లు దాటినా గలగల ఆగకపోతే వదిలేయండి.

ప్లగ్గుల మీద కూర్చుని వాటికి కరెంటు ఇచ్చే నల్లటి ఇగ్నిషన్ క్యాసెట్ చెప్పాపెట్టకుండా పోతుంది. డిక్కీలో ఒక స్పేర్, ఒక టోర్క్స్ కీ ఉంచుకుంటే నాలుగు స్క్రూలు విప్పి రోడ్డు పక్కనే మార్చుకోవచ్చు. అరిగిన ప్లగ్గులు క్యాసెట్‌ను త్వరగా చంపేస్తాయి. ఎన్‌జీకే పీఎఫ్‌ఆర్6హెచ్-10 తప్ప వేరేవి వెయ్యొద్దు.

ప్ర: అదే 9-5లో తాళం బయటికి రావడం లేదు. పాడైందా?

జ: గేర్‌బాక్స్ మాన్యువలా? రివర్స్ గేర్‌లో వేసి లాగండి, వచ్చేస్తుంది. ఆటోమేటిక్ అయితే పార్క్‌లో ఉండాలి. అయినా రాకపోతే, తాళం పెట్టే చోటు రెండు సీట్ల మధ్య ఉంటుంది కాబట్టి, ఎప్పుడో ఒలికిన కాఫీ లోపల గట్టిపడి ఉంటుంది. రెండో తాళం కూడా ఇవ్వమని అమ్మేవారిని గట్టిగా అడగండి. కొత్త తాళాన్ని బండికి నేర్పాలంటే టెక్ 2 అనే కంపెనీ పరికరం కావాలి, అది అన్ని షెడ్లలోనూ ఉండదు.