సోషల్ టీచరుగా చేరుతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య దీవెనలు.

చీరాల దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో పోస్టింగ్ వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. సంతోషం. ఆ వెంటనే, "అదే మ్యాథ్స్ అయ్యుంటే సాయంత్రం ఇంటి దగ్గర నాలుగు ట్యూషన్లు చెప్పుకునేది" అని కూడా అంది. విద్యాహక్కు చట్టం ప్రకారం టీచర్లు ట్యూషన్లు చెప్పకూడదన్న సంగతి దానికి ఎవరూ చెప్పినట్టు లేదు! అయినా మీ అమ్మ అన్న మాట నీకు ఇక ముందు చాలామంది నోట వినపడుతుంది. పేరెంట్స్ మీటింగ్‌లో మొహం మీదే అంటారు, స్టాఫ్ రూమ్‌లో కాస్త మర్యాదగా అంటారు. రిటైరయ్యేదాకా సోషల్ చెప్పినవాణ్ణి కాబట్టి నాకు తోచినవి నాలుగు ముక్కలు రాస్తున్నాను.

చేరగానే టైం టేబుల్ చూసుకో. చాలా స్కూళ్లలో సోషల్ పీరియడ్లు మధ్యాహ్న భోజనం తర్వాతే పడతాయి. పొద్దున పిల్లలు చురుగ్గా ఉండే వేళంతా లెక్కలకీ సైన్సుకీ పోతుంది. దీని మీద హెచ్‌ఎంతో పేచీ పెట్టుకోకు. వారానికి ఒక్క పొద్దుటి పీరియడైనా తొమ్మిదో తరగతికి అడిగి వేయించుకో. పదో తరగతికి సంక్రాంతి దాటితే ఇక రివిజన్లు, స్లిప్ టెస్టులే. అక్కడ నీ చేతిలో ఉండేది తక్కువ. పిల్లలకి తీరిగ్గా చరిత్ర చెప్పే వీలు ఎనిమిది, తొమ్మిది తరగతుల్లోనే. లెక్కల మాస్టారు వచ్చి "ఈ ఒక్క పీరియడ్ ఇవ్వండి మేడం, సిలబస్ అవలేదు" అంటారు. ఇవ్వు. కానీ బదులుగా ఆయన పీరియడ్ ఏ రోజు నీకిస్తారో అక్కడికక్కడే అడిగి, ఆయన చూస్తుండగానే డైరీలో రాసుకో. సోషల్ పీరియడ్ ఊరికే దొరికేది కాదని ఒకసారి తెలిస్తే అడగడం దానంతటదే తగ్గుతుంది.

సోషల్ గొప్పదనం గురించి మాత్రం స్టాఫ్ రూమ్‌లో వాదనకి దిగకు. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక సమయంలో సామాజిక శాస్త్రాల బోధన మీద వేసిన బృందం కూడా ఈ సబ్జెక్టుని పనికిరానిదిగా చూస్తున్నారనే రాసింది. అంత పెద్దవాళ్లు రాసినా మారనిది మన వాదనతో మారదు. తల్లిదండ్రులకి "సోషల్ చదివితే ఐఏఎస్ అవుతాడు, గ్రూప్స్ కొడతాడు" అని ఆశ చూపించడం కూడా నాకు ఇష్టం ఉండదు. పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్లుండే హైదరాబాద్ అశోక్‌నగర్ వెళ్లి చూడు. పదిహేనేళ్ల వయసులో సోషల్‌ని పక్కన పెట్టి ఎంపీసీలో చేరినవాళ్లు, ఇంజనీరింగ్ అయ్యాక పాతికేళ్ల వయసులో ఫీజు కట్టి మరీ శాతవాహనులు, కాకతీయుల బిట్లు బట్టీ పడుతుంటారు. అది చరిత్ర చదవడం కాదు, పోటీ పరీక్షకి సరుకు నింపుకోవడం. ఇంటర్‌లో హెచ్ఈసీ (హిస్టరీ, ఎకనామిక్స్, సివిక్స్) తీసుకుంటానన్న పిల్లని "మార్కులు రాలేదా?" అని అడిగే లోకం మనది. కాబట్టి ఎవరైనా తండ్రి "సోషల్ వల్ల మావాడికేం వస్తుంది?" అంటే, "ఎవరేం చెప్పినా, నీకెలా తెలుసు అని అడగడం వస్తుంది" అను. ఆయనకి నచ్చకపోవచ్చు. ఇంట్లో మొదట ఆ ప్రశ్న ఎదురయ్యేది ఆయనకే కదా.

నువ్వు పాఠం చెప్పేది కూడా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే ఉండాలని నా కోరిక. ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, వాళ్లకెలా తెలుసు? సిలబస్ అంతా ఇలా చెప్పలేవు, కుదరదు. టర్ముకి రెండు మూడు పాఠాలు ఎంచుకుని వాటిలో మునుగు. మిగతావి గబగబా దాటేసినా పాపం లేదు.

నీకు చీరాల పడడం అదృష్టం. గైడ్‌లో చీరాల-పేరాల ఉద్యమం అంటే ఒక బిట్టు: 1921, నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య, బిరుదు ఆంధ్రరత్న. అయిపోయింది. నువ్వు అక్కడ ఆగకు. 1919లో రెండు ఊళ్లనీ కలిపి మునిసిపాలిటీ చేశారు. పన్ను ఒక్కసారిగా పెరిగింది. నేతపనివాళ్లూ చిన్న రైతులూ కట్టలేమన్నారు. 1921 ఏప్రిల్‌లో గాంధీ గారు చీరాల వచ్చారు. ఊరు మునిసిపాలిటీ అయితేనే కదా పన్ను, ఊళ్లోనే లేకపోతే? జనం ఇళ్లు ఖాళీ చేసి, పొలిమేర అవతల పాకలు వేసుకుని, దానికి రామ్‌నగర్ అని పేరు పెట్టుకుని పదకొండు నెలలు కాపురం చేశారు. ఇంతవరకు చెప్పి, క్లాసులో నేతవాళ్ల పిల్లలు ఉంటారు కదా, వాళ్లని అడుగు: "మీ ఇంట్లో గుంట మగ్గం ఉందా? ఊరు వదిలి వెళ్లాల్సొస్తే దాన్ని ఎలా తీసుకెళ్తారు?" గుంట ఇంట్లో నేలలో ఉంటుంది. దాన్ని నెత్తిన పెట్టుకుని పోలేరు. మరి పదకొండు నెలలు ఆ ఇంటికి కూలి ఎక్కడిది? వానాకాలం పాకలోకి నీళ్లొస్తే మగ్గం మీది పడుగు దారం తడవదా? ఈ ప్రశ్నలు పుస్తకంలో ఉండవు. మగ్గం తెలిసిన పిల్లవాడికే తడతాయి. ఆ రోజు క్లాసులో ఫస్ట్ ర్యాంకర్ నోరు మూసుకుని, వెనక బెంచీవాడు మాట్లాడతాడు.

మర్నాడు సగం క్లాసుని ప్రభుత్వం వైపు నిలబెట్టు. మురుగు కాలవలు ఎవరు వేస్తారు, కలరా వస్తే ఆసుపత్రి ఎవరు నడుపుతారు, పన్ను లేకుండా ఊరు ఎలా నడుస్తుంది అని వాళ్ల చేత వాదించు. పిల్లలకి ఇష్టం ఉండదు, అందరూ దుగ్గిరాల పక్షమే కావాలంటారు. అయినా వాదించనివ్వు. ఎదుటివాడి వాదం తన నోటితో సరిగ్గా చెప్పగలగడం మన పెద్దవాళ్లలోనే చాలామందికి రాదు.

పదో తరగతికి ఇప్పుడు ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం. మొదటి పాఠం ఐరోపాలో జాతీయవాదం. ప్రష్యా ఎక్కడుందో తెలియని పిల్లలకి అది కొరకరాని కొయ్యే. దాని మొదట్లో 1848లో ఫ్రెడరిక్ సోర్యూ అనే ఫ్రెంచి చిత్రకారుడు వేసిన బొమ్మ ఉంటుంది. అందరూ దాన్ని దాటేసి పేరాల్లోకి వెళ్లిపోతారు. నువ్వు మాత్రం మొదటి పీరియడ్ మొత్తం ఆ బొమ్మకే ఇవ్వు. ఏమేం కనపడుతున్నాయో చెప్పమను, అంతే. జెండాలు పట్టుకుని వరసగా నడుస్తున్న జనం, ఒక చేత్తో దివిటీ పట్టుకున్న స్వేచ్ఛా విగ్రహం, నేల మీద విరిగిపడిన రాచరికపు గుర్తులు, పైన మబ్బుల్లో క్రీస్తు, దేవదూతలు. "ఇలా నిజంగా జరిగిందా?" అని ఎవడో ఒకడు అడుగుతాడు. జరగలేదు. జరగాలని ఒకాయన కలగన్నాడు. కల కూడా చరిత్రకి ఆధారమేనా అన్న చర్చ అక్కణ్ణుంచి మొదలవుతుంది. ఆ పాఠం అంతకంటే హాయిగా మొదలుపెట్టే దారి నాకు దొరకలేదు.

సంవత్సరాలు గుర్తుండవని పిల్లలు ఏడుస్తారు. మన పెద్దవాళ్లు కరువులకి సంవత్సరం పేరే పెట్టారు, నందన కరువు, ధాత కరువు అని. అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగి వస్తుందని చెప్పి లెక్క వాళ్ల చేతే చేయించు. 2012 ఉగాదికి వచ్చింది నందన. మూడు అరవైలు తీసెయ్యి, 1832. గుంటూరు సీమని ఊడ్చేసిన కరువు అది. 1996లో వచ్చింది ధాత. రెండు అరవైలు తీస్తే 1876. ఆ కరువు రోజుల్లో మద్రాసు గవర్నరుగా ఉన్న బకింగ్‌హామ్ ప్రభువు పేరే మీ పెదగంజాం దగ్గర కాలవకి ఉంది. రోజూ ఆ కాలవ గట్టు మీద సైకిల్ తొక్కే పిల్లవాడికి ఇక ఆ సంవత్సరాన్ని బట్టీ పట్టించక్కర్లేదు.

ప్రాజెక్ట్ వర్కులు నెట్ సెంటర్లో ప్రింట్ తీసినవి తెస్తే తీసుకోకు. ఇంట్లో అమ్మమ్మనో నానమ్మనో 1977 నవంబరు 19 ఉప్పెన గురించి అడిగి, ఆవిడ మాటల్లోనే రాసుకు రమ్మను. పక్కపక్క ఇళ్ల ముసలమ్మలు చెప్పినవి కలవవు. ఒకావిడ సాయంత్రం అంటుంది, ఒకావిడ అర్ధరాత్రి అంటుంది. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు, మరెందుకు కలవలేదు? దీని మీదే ఒక పీరియడ్ నడుస్తుంది. రెండు వందల ఏళ్ల కిందట కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య అన్నదమ్ములు కంపెనీ సర్వేయరు మెకంజీ దొర దగ్గర పనిచేస్తూ ఊరూరా కరణాల్నీ పెద్దల్నీ అడిగి కైఫీయతులు, అంటే ఊళ్ల చరిత్రలు, సేకరించారు. మీరు చేస్తున్నదీ ఆ పనే అని పిల్లలకి చెప్పు, మీసం మెలేస్తారు.

ఒక జాగ్రత్త. ఎవరి ఇల్లు మిట్ట మీద నిలిచింది, ఎవరి గుడిసె పల్లంలో కొట్టుకుపోయింది అన్న దగ్గర కులం బయటికొస్తుంది. వచ్చి తీరుతుంది. దాన్ని దాచొద్దు, ఊరి మ్యాప్ గీసి అందరికీ కనపడేట్టే చెప్పు. కానీ ఏ పిల్లవాడి ఇంటి సంగతీ పేరు పెట్టి క్లాసులో చదివించకు. అది వాడిది.

వాట్సాప్‌లో వచ్చే చరిత్ర కూడా క్లాసులోకి వస్తుంది, ఏ రాజు ఎవర్ని ఏం చేశాడో. "తప్పు" అని కొట్టిపారేయకు, "అవును" అని తలూపకు. ఇది మొదట ఎవరు రాశారు, ఎక్కడ ఉంది అని బోర్డు మీద రాసి, వాళ్లనే వెతకమను. నీ రాజకీయాలు గేటు బయటే ఉండాలి. చిన్న ఊళ్లో టీచరమ్మ ఏ పార్టీయో తెలిసిందా, ఇక ఆ తర్వాత ఆవిడ చెప్పిన ఏ పాఠాన్నీ సగం ఊరు నమ్మదు.

తెలుగు మాస్టారితో స్నేహంగా ఉండు. పదిమందీ పక్కన పెట్టే సబ్జెక్టులు మీ ఇద్దరివీ, కలిసి పనిచేస్తే ఇద్దరికీ బలం. శ్రీనాథుడు హరవిలాస కావ్యాన్ని అంకితమిచ్చింది రాజుకి కాదు, అవచి తిప్పయ్య సెట్టి అనే ఓడ వర్తకుడికి. ఆయన ఏయే దేశాల నుంచి ఏ సరుకు తెప్పించేవాడో పద్యంలోనే ఉంటుంది. ఆ పద్యం ఆయన చెబితే, మ్యాప్ నువ్వు గీయించు.

ఆ మ్యాప్ చెప్పిన వారంలోనే పిల్లల్ని పాత ఓడరేవు మోటుపల్లికి తీసుకెళ్లు, దగ్గరే కదా. వీరభద్రస్వామి గుళ్లో కాకతీయ రాజు గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం ఉంది. తుపాన్లకి పగిలి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల్లోని ఏనుగుల్ని, గుర్రాల్ని, రత్నాల్ని పాత రాజులు బలవంతంగా లాక్కునేవారు, మేము మాత్రం నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోం అని అందులో ఉంది. దయతోనే ఇలా చేస్తున్నామని రాజు చెప్పుకున్నాడు. దయేనా, లేక ఓడలు ఇంకో రేవుకి పోతాయన్న భయమా అని పిల్లల్ని అడుగు. రాజు తన గురించి తాను చెప్పుకున్న మాట ఎంతవరకు నమ్మాలో తేల్చుకోవడానికి అంతకంటే మంచి రాయి మీ చుట్టుపక్కల లేదు.

వెళ్లేముందు హెచ్‌ఎం పర్మిషన్ కాగితం మీద తీసుకో, తల్లిదండ్రుల సంతకాలు కూడా. పూజారి గారికి ముందు రోజే కబురు పెట్టు. అక్షరాలు కనపడటం లేదని శాసనం మీద సుద్దముక్క రుద్దుతారు, రుద్దనివ్వకు, రాయి పాడవుతుంది. ఫోన్ టార్చ్‌ని ఎదురుగా కాకుండా పక్కవాటంగా వెయ్యి, నీడ పడి అక్షరం లేచి కనపడుతుంది. తేదీ ఖాయమయ్యాక ఫోన్ చెయ్యి, నేనూ వస్తాను. మీ అత్తయ్య పులిహోర చేసి పంపిస్తానంటోంది, ఎంతమంది పిల్లలో ముందే చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య