ఆటగాడి ధర ఏ ఏడాది ఖర్చు?

ప్రశ్న: ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్బులు అంతంత డబ్బు పోసి ఆటగాళ్లను కొంటూ కూడా లీగ్ పెట్టిన నష్టాల పరిమితి దాటకుండా ఎలా నెట్టుకొస్తాయండీ?
– ఓ పాఠకుడు, మలక్‌పేట, హైదరాబాద్

జవాబు: కిటుకంతా పద్దులోనే ఉంది. ఆటగాడి ధరను ఒప్పందం ఉన్నన్నేళ్లకూ పంచి రాస్తారు. 8 కోట్ల పౌండ్ల ఆటగాడికి ఎనిమిదేళ్ల ఒప్పందమైతే ఏటా పడే ఖర్చు కోటే! లండన్ క్లబ్బు చెల్సీ ఈ దారి పట్టాక, 2023లో యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్ఏ, ఇంగ్లండ్ అగ్రశ్రేణి పోటీ ప్రీమియర్ లీగ్ రెండూ ఈ పంపకాన్ని ఐదేళ్లకు కుదించాయి. ఇప్పుడైతే 1.6 కోట్లు. జీతం వేరే.

చిక్కు అమ్మేటప్పుడు వస్తుంది. రెండేళ్లకు పద్దులో ఇంకా 4.8 కోట్లు మిగిలే ఉంటాయి. 3 కోట్లకు అమ్మితే 1.8 కోట్ల నష్టం అదే ఏడాది నెత్తిన పడుతుంది. అదే అకాడమీలో (క్లబ్బు సొంత శిక్షణ బడిలో) పెరిగిన కుర్రాడిని కొన్నది లేదు కాబట్టి పద్దు విలువ దాదాపు సున్నా, అమ్మితే వచ్చిందంతా లాభమే. అందుకే సొంత పిల్లల్నే ముందు అమ్ముకుంటారు (అభిమానులకు మండేదీ ఇక్కడే). లెక్క తప్పి నష్టాల పరిమితి దాటిన ఎవర్టన్ క్లబ్బుకు 2023 నవంబరులో లీగ్ పట్టికలో 10 పాయింట్లు కోశారు. అప్పీలులో అది 6కు తగ్గింది.