ముట్టుకాడులో సప్ నేర్చేసుకున్నాను, ఇక ఫాయిల్ ఎలా మొదలుపెట్టాలి?

బరువు 75 కిలోలు, చెన్నై దగ్గరి ముట్టుకాడులో మామూలు ప్యాడిల్‌బోర్డు (సప్, అంటే నిలబడి తెడ్డు వేసే బోర్డు) మీద నిలదొక్కుకున్నారు, ఇప్పుడు ఫాయిల్‌కి (అంటే కింద నీటి రెక్క ఉండి, వేగం వచ్చాక నీటి పైకి లేచే బోర్డుకి) ఏం కొనాలి, ఎక్కడ నేర్చుకోవాలి అన్నది కదా మీ ప్రశ్న.

ముట్టుకాడులో మాత్రం వద్దండీ. 70 సెంటీమీటర్ల మాస్ట్ (బోర్డు కింద నిలువుగా ఉండే కడ్డీ), దాని కింద రెక్క అంటే కనీసం ఛాతీ లోతు నీళ్లు కావాలి. అక్కడేమో ఇసుక మేటలు, వలలు. పైగా అల లేని నీళ్లలో తెడ్డు బలంతోనే పైకి లేవడం కొత్తవాళ్ల వల్ల అయ్యే పని కాదు. చెన్నై దగ్గరే ఉన్న కోవళమే (కేరళది కాదు) మేలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది, వదిలేయండి. ఫిబ్రవరి, మార్చిల్లో గాలి మొదలవకముందే, పొద్దున్నే దిగండి. సర్ఫర్లు గుంపుగా ఉన్నచోటికి అస్సలు పోవద్దు. అదుపు తప్పిన ఫాయిల్ కత్తితో సమానం.

బోర్డు ఘనపరిమాణం 105–115 లీటర్లు, ముందు రెక్క 1700–2000 చదరపు సెంటీమీటర్లు, మాస్ట్ 60–75 సెంటీమీటర్లు చాలు. చౌకగా వచ్చిందని చిన్న రెక్క కొంటే ఎక్కువ వేగం కావాలి, అదే మీ దగ్గర ఉండదు. హెల్మెట్, ఇంపాక్ట్ వెస్ట్ (దెబ్బ తగలకుండా ఛాతీకి వేసుకునే మెత్తటి జాకెట్) తప్పనిసరి. ఫుట్‌స్ట్రాప్‌లు (పాదం దూర్చే పట్టీలు) ఇప్పుడే వద్దు, పడేటప్పుడు కాలు ఇరుక్కుంటుంది.

మోకాలి నుంచి నడుము ఎత్తు అల, ఇంకా విరగనిది, ఎంచుకోండి. నిటారుగా లేచే అల మీదైతే బోర్డు ఒక్కసారిగా ఎగురుతుంది. వేగం రెట్టింపైతే లిఫ్ట్, అంటే రెక్క పైకెత్తే బలం, నాలుగు రెట్లవుతుంది మరి. అందుకే ఇక్కడ కష్టమంతా లేవడంలో కాదు, కిందకి అణచిపెట్టడంలో ఉంది. వెనక పాదం మాస్ట్‌కి సరిగ్గా పైన, ముందు పాదం భుజాల వెడల్పంత ముందుకు పెట్టి, బరువు ముందు కాలి మీదే ఎక్కువ ఉంచండి. బోర్డు తేలికైనట్టు అనిపించగానే ముందు కాలు నొక్కాలి. మామూలు సప్ అలవాటుతో వెనక్కి వాలితే పని అయిపోయినట్టే: రెక్క నీటి పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది, లిఫ్ట్ మాయం, బోర్డు ముక్కు దబ్బున నీళ్లలో పడుతుంది. మొదట్లో జానెడు ఎత్తు లేచి, మళ్లీ నీటికి ఆనించడం అలవాటు చేసుకుంటే చాలు. చూపు పాదాల మీద కాదు, ఒడ్డు వైపు.

పడేటట్టున్నారా, బోర్డును కాపాడబోవద్దు. దాన్ని తన్నేసి పక్కకి, వెల్లకిలా పడండి. పైకొచ్చేటప్పుడు చేతులు తలకి అడ్డం పెట్టుకోండి.

సామాను సంగతిలో జనం పట్టించుకోనిది బోల్టులు. అల్యూమినియం మాస్ట్‌లో స్టెయిన్‌లెస్ బోల్టు, మధ్యలో ఉప్పునీరు: కొన్ని వారాల్లో పట్టేస్తుంది, అలెన్ కీ పెట్టి తిప్పితే బోల్టు తల అరిగిపోతుందే తప్ప కదలదు. దిగిన ప్రతిసారీ విప్పి మంచినీళ్లతో కడిగి, మరలకి టెఫ్‌జెల్ (తుప్పు పట్టకుండా రాసే జెల్) రాసి బిగించండి.

ముక్కు ఎంత నొక్కినా లేస్తూనే ఉంటే మాస్ట్‌ని ట్రాక్‌లో (బోర్డు అడుగున అది బిగించే గాడిలో) వెనక్కి జరపండి, అసలు లేవకపోతే ముందుకి. ఒక్కసారికి ఒక్క సెంటీమీటరే. కుదిరిన చోట మార్కర్‌తో గీత పెట్టుకోండి, ఎలాగూ రోజూ విప్పి బిగించాల్సిందే.